పదిసార్లూ అదే అంకె వస్తే తూకం సరైనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మందుల కంపెనీలో నాణ్యతా విభాగం ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లారు. యాక్యురసీకి, ప్రెసిషన్‌కు తేడా ఏమిటని అడిగారు. మీరు అందరూ చెప్పే బాణాల బోర్డు ఉదాహరణే చెప్పారు: బాణాలు నడిబొట్టు చుట్టూ పడితే యాక్యురసీ, ఎక్కడ పడినా ఒకే చోట గుమిగూడితే ప్రెసిషన్. అడిగినాయన తల ఊపి, "సరే, మీ లాబ్‌లో ఉన్న త్రాసుకు ఈ రెండూ ఉన్నాయో లేదో ఎలా తెలుసుకుంటారు?" అన్నారు. "ఒకే వస్తువును పదిసార్లు తూచి చూస్తాను" అన్నారు మీరు. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నా జవాబులో తప్పేముంది అని అడుగుతున్నారు.

తప్పు లేదు, సగమే ఉంది. మిగిలిన సగం కోసమే ఆయన అడిగారు. బాణాల బోర్డు ఉదాహరణలో ఒక మోసం ఉంది. బోర్డు మీద నడిబొట్టు మనకు కనిపిస్తూ ఉంటుంది. లాబ్‌లో అది కనిపించదు. బోర్డును వెనక వైపు నుంచి చూస్తున్నామనుకోండి. బాణాలు చేసిన చిల్లులు కనిపిస్తాయి, గుమిగూడాయో చెదిరాయో కూడా చెప్పగలం. బొట్టు మాత్రం అటువైపు ఉంది. పదిసార్లు తూచడమంటే పది చిల్లులు చూడటమే.

ఇరవై ఆరేళ్లుగా త్రాసులను, తూకపు రాళ్లను పరీక్షించి సర్టిఫికెట్లు ఇచ్చే పనిలో ఉన్నాను. ఈ తికమక చదువు లేనివాళ్లకంటే చదువుకున్నవాళ్లకే ఎక్కువ అని నా అనుభవం. దానికి కొంత మన భాష కూడా కారణం. "కచ్చితంగా" అనే ఒక్క మాటతో రెండు పనులూ కానిచ్చేస్తాం. "కచ్చితంగా కిలో ఉంది" అన్నప్పుడు నిజమైన కిలోకు సమానం అని అర్థం. "రోజూ కచ్చితంగా ఎనిమిదింటికి వస్తాడు" అన్నప్పుడు ఎప్పుడూ తేడా రానివ్వడని అర్థం. అందుకే ఈ జవాబులో ఆ మాటను పక్కన పెడతాను. యాక్యురసీని యథార్థత అంటాను, ప్రెసిషన్‌ను నిలకడ అంటాను. ఒకే దిక్కుకు పడే తప్పును ఇంగ్లిషులో బయాస్ అంటారు. దానికి మన సంతలోనే మంచి మాట ఉంది: మొగ్గు. త్రాసు ముల్లు ఎటు మొగ్గిందో చూసే బేరం చేసేవాళ్లం కదా.

సంత మాట వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. అడుగు తొలిచిన కిలో రాయి పెట్టుకుని కూరగాయలు అమ్మే మనిషిని ఊహించుకోండి. ఆ రాయి నిజానికి 950 గ్రాములు. అతని చేయి తిరిగిన చేయి, తక్కెడ మంచిది. పొద్దున తూచినా సాయంత్రం తూచినా, మీకు తూచినా నాకు తూచినా 950 గ్రాములకు అటూ ఇటూ రెండు మూడు గ్రాముల్లోనే ఉంటుంది. ఇంతకంటే నిలకడ ఏం కావాలి? పక్కన ఇంకొకామె ఉంది. ఆమె రాయి అసలైన కిలో. తక్కెడ పాతది, గాలికి ఊగుతుంది. ఒకసారి 980 గ్రాములు, ఒకసారి 1,025, ఒకసారి 1,000. రోజూ కొనేవారికి నెల తిరిగేసరికి ఆమె దగ్గర లెక్క సరిపోతుంది. మొదటివాడి దగ్గర ఎన్నేళ్లు కొన్నా సరిపోదు. అతని మోసం అతని తక్కెడ మీద, అతని రాయితో వెయ్యిసార్లు తూచినా బయటపడదు. తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు తన సంచిలోంచి తన రాయి తీసి పెడితేనే బయటపడుతుంది.

ఇంటర్వ్యూలో ఆయన ఎదురుచూసింది ఆ సంచిలోని రాయి గురించే. నిలకడను తెలుసుకోవడానికి పరికరం ఒక్కటీ చాలు. యథార్థతకు బయటి సాక్షి కావాలి. పరికరం తన గురించి తానే చెప్పుకునే సాక్ష్యం చెల్లదు.

ఇప్పుడు అంకెలతో ఒకటి చూపిస్తాను. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ విశాఖపట్నంలోని తమ లాబ్ నుంచి ఒక అనలిటికల్ బ్యాలెన్స్‌ను హైదరాబాద్ లాబ్‌కు తరలించింది. గ్రాములో పదివేలవ వంతు, అంటే 0.1 మిల్లీగ్రాము వరకు చూపించే మంచి త్రాసు. వారం తర్వాత అక్కడి కుర్రవాడు ఫోన్ చేశాడు. "సార్, మా 200 గ్రాముల రాయి అరిగిపోయింది. కొత్తది ఆర్డర్ ఇచ్చేశాం. పాతది మీకు పంపితే సర్టిఫికెట్ రద్దు చేస్తారా?" అన్నాడు. అరిగిందని ఎలా తెలిసింది బాబూ అని అడిగితే పది తూకాలు చదివి వినిపించాడు. 199.9645, 199.9646, 199.9646, 199.9645, 199.9647, 199.9646, 199.9646, 199.9645, 199.9646, 199.9647.

లెక్క చేయండి. సగటు 199.9646 గ్రాములు. ప్రామాణిక విచలనం, అంటే తూకాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె, సుమారు 0.07 మిల్లీగ్రాము. త్రాసు చూపగల ఆఖరి అంకె కంటే కూడా తక్కువ. నిలకడకు నూటికి నూరు మార్కులు. కానీ రాయి మీద రాసి ఉన్న దానికి 35 మిల్లీగ్రాములు తక్కువ! అది ఎఫ్1 తరగతి రాయి. 200 గ్రాముల ఎఫ్1 రాయికి అనుమతించే తేడా ఒక మిల్లీగ్రాము. పెట్టెలో పట్టుగుడ్డ మీద పడుకునే స్టీలు రాయి, పట్టకారుతో తప్ప ముట్టుకోని రాయి 35 మిల్లీగ్రాములు అరగాలంటే ఎవరో ఆకురాయి పట్టి గీకాలి. కుర్రవాడి తర్కం మాత్రం చూడండి: త్రాసు పదిసార్లూ ఒకే మాట చెప్పింది, కాబట్టి త్రాసు అబద్ధం చెప్పదు, కాబట్టి రాయిదే తప్పు. కొత్త రాయి వచ్చింది. అదీ 35 మిల్లీగ్రాములు తక్కువే తూగింది. అప్పుడు మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి గొంతు కాస్త తగ్గించి.

జరిగింది ఇది. ఎలక్ట్రానిక్ త్రాసు ద్రవ్యరాశిని కొలవదు. పళ్లెం మీద పడే బలాన్ని కొలిచి, దాన్ని గ్రాముల్లోకి మార్చి చూపిస్తుంది. ఆ మార్పిడి అంకె విశాఖ సముద్రమట్టం దగ్గర సర్దినది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. భూమి కేంద్రం నుంచి అంత దూరం జరిగితే గురుత్వాకర్షణ పదివేలకు 1.7 వంతులు తగ్గుతుంది. 200 గ్రాముల మీద ఆ లెక్క ఎంతో వేసుకోండి: 34 మిల్లీగ్రాములు. అక్షాంశం తేడా, స్థానికమైన చిన్న చిన్న తేడాలు మిగతాది చూసుకున్నాయి. మన తాతల నాటి రెండు పళ్లాల త్రాసుకు ఈ ఇబ్బంది లేదు. అటు వస్తువు, ఇటు రాయి, రెండింటి మీదా ఒకే గురుత్వాకర్షణ. కొండెక్కినా అది అబద్ధం ఆడదు.

చాలా త్రాసుల్లో లోపలే ఒక సర్దుబాటు రాయి ఉంటుంది. మీట నొక్కితే మోటారు సన్నగా రొద చేస్తూ దాన్ని దించి, తూచి, మార్పిడి అంకెను సరిచేస్తుంది. తరలించాక ఆ మీట నొక్కాలని ఎవరికీ తోచలేదు. నొక్కారు, అయిపోయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఈ తప్పు వాళ్ల రోజువారీ పనిని చెడగొట్టిందా అంటే, లేదు. 200 గ్రాములకు 35 మిల్లీగ్రాములంటే 0.018 శాతం. తూకాల విషయంలో అమెరికా ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథం, పెట్టే హద్దు 0.10 శాతం. హాయిగా లోపలే ఉంది. పైగా మందు శాతం కట్టేటప్పుడు మందు ఎంత ఉందో ముందే తెలిసిన ప్రామాణిక నమూనానూ అదే త్రాసు మీద తూస్తారు, పరీక్ష నమూనానూ అదే త్రాసు మీద తూస్తారు. చివరికి ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తారు కాబట్టి రెండింటిలోనూ ఉన్న ఒకే మొగ్గు కొట్టుకుపోతుంది. రెండు పళ్లాల త్రాసు ఉపాయమే ఇది. మీరు ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన కుర్చీలో ముందుకు జరిగి కూర్చునేవారని నా నమ్మకం.

"ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే యథార్థత పెరుగుతుంది కదా?" అని మీరు చివర్లో అడిగారు. పెరగదు. సగటు చెదురును తగ్గిస్తుంది, అదీ కొలతల సంఖ్యకు వర్గమూలం చొప్పున. చెదురును సగం చేయాలంటే నాలుగు రెట్లు కొలవాలి, పదో వంతు చేయాలంటే వంద రెట్లు. మొగ్గును వెంట్రుకవాసి కూడా కదిలించదు. ఆ కుర్రవాడు పది బదులు పదివేల సార్లు తూచి ఉంటే 199.9646 అనే తప్పు అంకె మీద వాడి నమ్మకం ఇంకా గట్టిపడేది, అంతే.

దీని తమ్ముడు ఇంకొకడున్నాడు: దశాంశ బిందువు తర్వాత అంకెలు. అది నిలకడ కూడా కాదు, కేవలం చూపించే శక్తి. ఐదారు వందలకు దొరికే చిన్న త్రాసు మీద రెండు దశాంశాలు వెలుగుతుంటాయి. వెలిగించడానికి ఖర్చేముంది? ఆ రెండో అంకె ప్రతిసారీ మారుతుంటే అక్కడ నిలకడ లేదని, మారకుండా ఉంటే ఉండవచ్చునని మాత్రమే అర్థం. కొన్ని త్రాసులు లోపలే సగటు తీసి అంకెను నిలబెట్టి చూపిస్తాయి కూడా.

ఇప్పుడు నేను పదే పదే చెప్పే కథ. హబుల్ టెలిస్కోపు. 1990 ఏప్రిల్‌లో ఆకాశంలోకి పంపారు. రెండు నెలలు గడిచేసరికి బొమ్మలు మసకగా వస్తున్నాయని, కారణం ప్రధాన అద్దమేనని తేలింది. 2.4 మీటర్ల ఆ అద్దాన్ని అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, డాన్‌బరీలో పెర్కిన్-ఎల్మర్ సంస్థ సానబెట్టింది. నునుపులో దానికి సాటివచ్చే పెద్ద అద్దం అప్పటికి లేదు. కానీ వంపు తప్పు. అంచు దగ్గర ఉండాల్సిన దానికంటే 2.2 మైక్రోమీటర్లు ఎక్కువగా చదును చేశారు. తల వెంట్రుక మందంలో సుమారు యాభయ్యో వంతు. టెలిస్కోపు అద్దానికి అది పెద్ద గుంత కింద లెక్క.

ఎలా జరిగింది? సానబెడుతున్నంతసేపూ వంపును చూసుకోవడానికి రిఫ్లెక్టివ్ నల్ కరెక్టర్ అనే పరికరం వాడారు. అందులో రెండు అద్దాలు, ఒక లెన్సు. వాటి మధ్య దూరాన్ని కొలకడ్డీ పెట్టి, దాని కొసమీద లేజరు పడేలా చేసి సరిచూశారు. కడ్డీ కొసకు నల్ల పూత పూసిన చిన్న టోపీ ఉంది. దాని మధ్యలో ఉన్న రంధ్రంలోంచి లేజరు కడ్డీని తాకి తిరిగి రావాలి. టోపీ మీద పూత ఒకచోట రాలిపోయింది. లేజరు కడ్డీని కాక టోపీనే తాకి తిరిగొచ్చింది. ఫలితంగా లెన్సు 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట కూర్చుంది. సర్దుబాటుకు ఉన్న జాగా చాలకపోతే వాషర్లు పెట్టి మరీ జరిపారు. అంతా చేశాక అద్దాన్ని ఆ పరికరం చెప్పినట్టు సానబెట్టారు, ఆ పరికరంతోనే పరీక్షించారు. ప్రతిసారీ భేష్ అంది.

నాకు ఈ కథలో అసలు బాధ కలిగించేది వాషర్లు కాదు. వాళ్ల దగ్గర ఇంకో రెండు పరీక్షలు ఉన్నాయి. రెండూ వంపులో ఏదో తేడా ఉందని చూపించాయి. ఆ పరికరాలు అంత సున్నితమైనవి కావు కాబట్టి వాటి మాట నమ్మనక్కర్లేదని పక్కన పెట్టారు. నిలకడ తక్కువైన సాక్షి నిజం చెబుతుంటే, నిలకడ ఎక్కువైన సాక్షి అబద్ధాన్ని నమ్మారు. హైదరాబాద్ కుర్రవాడు రాయిని అనుమానించిన తీరు గుర్తొచ్చిందా? వాడిని మనం తిట్టనక్కర్లేదు. పెద్ద పెద్ద వాళ్లే ఆ పని చేశారు.

దీనికి రెండో భాగం ఉంది, అది చాలామంది చెప్పరు. ఆ అద్దం తప్పు అంత నిలకడగా ఉంది కాబట్టే దాన్ని సరిదిద్దగలిగారు. ఎక్కడ ఎంత తప్పిందో దర్యాప్తులో అంకెలతో సహా తేలింది. దానికి సరిగ్గా ఎదురు తప్పు ఉన్న చిన్న అద్దాలు తయారుచేసి, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి బిగించి వచ్చారు. కళ్లజోడు పెట్టినట్టు. అదే అద్దం గతుకులు గతుకులుగా, పద్ధతి లేకుండా పాడై ఉంటే ఏ కళ్లజోడూ పనికివచ్చేది కాదు. ఇంట్లో గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకుంటాం చూడండి. అది తప్పు గడియారమే, కానీ ఎంత తప్పో మనకు తెలుసు కాబట్టి బస్సు అందుకుంటాం. ఒకరోజు ముందుకు, ఒకరోజు వెనక్కు నడిచే గడియారంతో ఆ పని కుదరదు. కాబట్టి నిలకడ చిన్న విషయమనుకోకండి. అది లేకపోతే మొగ్గు ఉన్నట్టు కూడా తెలియదు, చెదురులో దాక్కుంటుంది.

బయటి సాక్షి కావాలన్నాను. మరి ఆ సాక్షికి సాక్షి ఎవరు? మంచి ప్రశ్నే. కుర్రవాడి రాయికి మా లాబ్ రాయి సాక్షి, మా రాయికి ఇంకా పై తరగతి రాయి, అలా పోతే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడ ప్లాటినం-ఇరిడియం కిలో దిమ్మె ఉంది, దాని సంఖ్య 57. దాని పెద్దన్న పారిస్ దగ్గర సెవ్ర్‌లో మూడు గాజు బుడ్ల కింద ఉంది. 1889 నుంచి 2019 దాకా ప్రపంచానికి కిలో అంటే అదే. తమాషా ఏమిటంటే, అన్నాళ్లూ దానికి మొగ్గు ఉండటం నిర్వచనం ప్రకారమే అసాధ్యం. నూరేళ్లలో దానికీ దాని నకళ్లకూ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. నకళ్లు బరువెక్కాయా, అది బరువు తగ్గిందా? చెప్పే సాక్షి భూమి మీద లేదు. 2019 మే 20 నుంచి కిలోను లోహపు దిమ్మెతో కాక ప్లాంక్ స్థిరాంకమనే, ప్రకృతిలో ఎప్పుడూ మారని విలువతో నిర్వచిస్తున్నారు. సాక్షిని మనుషుల చేతుల్లోంచి తీసి ప్రకృతి చేతిలో పెట్టారన్నమాట.

పేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది, అదీ తెలుసుకోండి. కొలతల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5725 ప్రకారం సగటు నిజానికి దగ్గరగా ఉండటాన్ని ట్రూనెస్ అంటారు. యాక్యురసీ అంటే ట్రూనెస్, ప్రెసిషన్ రెండూ కలిసినది. కాబట్టి బోర్డు బొమ్మల్లో "యాక్యురసీ ఉంది, ప్రెసిషన్ లేదు" అని ఒక బొమ్మ వేస్తారే, ఆ ప్రమాణం భాషలో అలా అనడం కుదరదు. పాఠ్యపుస్తకాలు పాత పద్ధతిలోనే చెబుతున్నాయి. మీరు ఏ అర్థంలో వాడుతున్నారో ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

నిలకడలోనూ మెట్లున్నాయి. ఒకే మనిషి, ఒకే త్రాసు, ఒకే పూట అయితే రిపీటబిలిటీ. అదే లాబ్‌లో మనిషి మారి, రోజు మారి, పరికరం మారినా అంకె నిలబడితే ఇంటర్మీడియట్ ప్రెసిషన్. లాబే మారినా నిలబడితే రిప్రొడ్యూసిబిలిటీ. మొదటిది బాగుంటే చాలామంది సంబరపడిపోతారు. అసలు పరీక్ష రెండో మెట్టు దగ్గర మొదలవుతుంది.

మీ రంగంలో బయటి సాక్షిని మీరే తయారుచేసుకుంటారు, దాన్నే రికవరీ అంటారు. మందు లేని పిండిలో, అంటే ప్లాసిబోలో, మందు ఎంత కలిపారో మీకు తెలిసేలా కలిపి, పరీక్ష పద్ధతి దాన్ని ఎంతగా చూపిస్తుందో చూడటం. మాత్రలో ఉండాల్సిన దానికి 80, 100, 120 శాతం చొప్పున మూడు మోతాదులు, ఒక్కోదానికి మూడేసి, మొత్తం తొమ్మిది పరీక్షలు చేయడం ఆనవాయితీ. 10 మిల్లీగ్రాములు కలిపితే పద్ధతి ప్రతిసారీ 9.2 చూపించిందనుకోండి. నిలకడ అద్భుతం, రికవరీ 92 శాతం. మిగతా 8 శాతం ఎక్కడో పోతోంది: ద్రావణంలో పూర్తిగా కరగడం లేదా, వడపోత కాగితం పట్టేస్తోందా, అని అప్పుడు వెతుకులాట మొదలు.

మా అమ్మ చక్కెర మీటరు సంగతి కూడా చెబుతాను. ఆవిడ పొద్దున్నే మూడు వేళ్లు పొడుచుకుంది. 142, 139, 144. "మూడుసార్లూ దగ్గర దగ్గరే, ఇదే నిజం" అని తేల్చేసింది. అదే గంటలో లాబ్‌లో ఇచ్చిన రక్తం 128 చూపించింది. లాబ్ వాళ్లది తప్పని ఆవిడ గట్టి వాదన. ఇళ్లలో వాడే మీటర్లకు 2013 నాటి ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం 100, ఆపైన రీడింగుల్లో నూటికి 95 లాబ్ విలువకు 15 శాతం లోపు తేడాలో ఉంటే చాలు. 128కి 15 శాతం కలిపితే 147 దాటుతుంది. మీటరు తన హద్దులోనే ఉంది, లాబ్ కూడా సరైనదే. అమ్మకు ఈ లెక్క చెప్పాను. "అయితే ఇకనుంచి ఒక్క వేలే పొడుచుకుంటాలే" అంది.

ఇంకో ఇంటర్వ్యూకు వెళ్తే ఇలా చెప్పండి. ముందు త్రాసును సమంగా నిలిపి, వేడెక్కనిచ్చి, లోపలి సర్దుబాటు చేస్తాను. ఒకే రాయిని పదిసార్లు పెట్టి తీసి ప్రామాణిక విచలనం కడతాను, అది నిలకడ. తర్వాత సర్టిఫికెట్ ఉన్న వేరే రాయి పెట్టి, సర్టిఫికెట్‌లోని విలువకూ త్రాసు చూపినదానికీ తేడా చూస్తాను, అది మొగ్గు. ఆ సర్టిఫికెట్ గడువు ఎప్పటి వరకు ఉందో కూడా చూస్తాను. ఈ ఆఖరి వాక్యం మరచిపోకండి. నేనైతే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.